దారం ఎక్కించిన సూదులు

"ఆ మలుపు దగ్గర కుర్చీ తిరక్కపోతే ఏం చేద్దాం?" అన్నాను.

"తిరక్కపోతే నన్ను ఇక్కడే వదిలేసి పొండి. వచ్చేపోయేవాళ్ళు దాటుకుని వెళతారు," అంది కుర్చీలో కూర్చున్న ఇస్త్రీ వదిన.

"నీకు నవ్వులాటగా ఉంది వదినా. రేపు ఇందులో కూర్చోబోయేది మా పిల్ల."

"అందుకే కదా నన్ను కూచోబెట్టావు. అది నాలో సగం కూడా ఉండదు. నేను దిగానంటే అది దిగినట్టే. ఏం నాయనా, చేతులు లాగేస్తున్నాయా?"

కుర్చీ వీపు పట్టుకుని పై మెట్టు మీద నిలబడ్డ మంచినీళ్ళ క్యాన్లాయన చెమటలు కక్కుతున్నాడు. "క్యాను ఎంత బరువున్నా నోరెత్తదక్కా. అదొక్కటే తేడా," అన్నాడు.

నేను కింది మెట్టు మీద కుర్చీ ముందు కాళ్ళు పట్టుకుని వెనక్కి వెనక్కి దిగుతున్నాను. మా ఇనప మెట్లు ఇంటి బయట వైపు గోడకు అతికించినట్టు ఉంటాయి. సగంలో ఒక మలుపు. అక్కడ మనిషి ఒక్కడే పక్కకు తిరిగి దిగాలి. కుర్చీ కాలు కమ్మీలో ఇరుక్కుంది. ఇంత పనీ వృథా అయిందనీ, మా పిల్ల ఆ మలుపులోనే ప్రసవించేస్తుందనీ నాకు అప్పుడే కళ్ళకు కట్టింది. క్యాన్లాయన మాత్రం కుర్చీని కొంచెం పక్కకు వంచాడు. ఇస్త్రీ వదిన ఒక్క కేక పెట్టింది. కుర్చీ తిరిగింది.

"ఇంకోసారి," అన్నాను కిందకు చేరాక.

"ఇంకోసారంటే నాకే నొప్పులొస్తాయి," అని వదిన లేచి ఇస్త్రీ బల్ల దగ్గరకు వెళ్ళిపోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు మా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది పిండిమర మీద రెండో అంతస్తులో ఒంటి గది. నేనూ నా ఒక్కగానొక్క కూతురూ బడి పిల్లల గౌన్లకు హుక్కులు, కాజాలు కుట్టి బతుకుతాం. అల్లుడు టైల్స్ పరిచే పనివాడు. వేరే ఊళ్ళో పెద్ద భవనం పని ఒప్పుకుని వెళ్ళాడు, పురుడు నాటికి వస్తానన్నాడు. పిల్లకు నెలలు నిండాయి. మా సందులోకి పెద్ద బండి రాదు. ఆపద వచ్చాక ఆలోచిద్దాం అనుకునే మనిషిని కాను నేను. రాకముందే వచ్చేసిందనుకునే మనిషిని. బండికి క్యాన్లాయనను ఒప్పించాను. ఆయన ఊళ్ళో లేకపోతే పిండిమరాయనను. రక్తం కావలసి వస్తే ఇవ్వడానికి ఇద్దరు మనుషులను మాట్లాడి, వాళ్ళ చేత రక్తం పరీక్ష కూడా చేయించాను. పాత గుడ్డలు ఉడకబెట్టి, ఎండబెట్టి మూట కట్టి తలుపు వెనక పెట్టాను. ఆస్పత్రికి మామూలు దారి ఒకటి, వాన పడితే నీళ్ళు నిలవని దారి ఒకటి చూసి పెట్టుకున్నాను. సందులో నన్ను సైరన్ అంటారు. నా ఎదుట అనరు గానీ నాకు తెలుసు.

పోయినవారం మూటలాయన, అంటే మాకు పనిచ్చే మనిషి, మా పిల్ల కుట్టిన గౌన్ల మూట తెచ్చి నా చేతుల్లో పడేశాడు. "ఇవి కుట్టింది నీ కూతురేనా, ఇంకెవరైనానా?" అని అడిగి జవాబు వినకుండా వెళ్ళిపోయాడు. మీకు అక్కడిదాకా చెప్పి ఆపాను. మూట విప్పి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల కింద దాచాను. మా పని పోయిందనుకున్నాను. పురుడు ముందర పని పోతే ఎట్లా అని, కుర్చీ సంగతి తేల్చుకున్నాక దాని సంగతి చూద్దామని వాయిదా వేశాను. నాకు తోచే చెడులన్నీ అలాంటివే. కంటి ఎదుట ఉన్నది తప్ప అన్నీ తోస్తాయి.

కుర్చీ పని అయింది కాబట్టి మూటను బల్ల మీద పెట్టి ముడి విప్పాను.

మొదటి గౌను తిరగేసి చూశాను. హుక్కు నోరు లోపలికి ఉండాల్సింది బయటికి ఉంది. రెండో దానికి హుక్కు ఒకచోట, అది తగులుకోవాల్సిన కాజా వేలెడు కిందికి. ఇంకోదానికి రెండు వైపులా హుక్కులే, కాజా లేనే లేదు. ఒక గౌను అయితే ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి కుట్టేసింది. దాంట్లో ఏ పిల్లా దూరలేదు. మా పిల్ల కుట్టు చూపించి మూటలాయన వేరే ఆడవాళ్ళకు బుద్ధులు చెప్పేవాడు. అలాంటి చేయి ఇట్లా కుట్టిందంటే నాకు మొదట కోపమే వచ్చింది.

"చూశావా వదినా దీని వాటం. నెలలు నిండేసరికి బద్ధకం నెత్తికెక్కింది. పైకి వెళ్ళి దీని పని చెబుతాను. ఇవన్నీ దాని చేతే విప్పిస్తాను."

ఏ మాటకైనా రెండు మాటలు తగిలించే ఇస్త్రీ వదిన ఒక చొక్కా కాలరు మీదే పెట్టెను అటూ ఇటూ లాగుతోంది.

"కాలుతుంది వదినా," అన్నాను.

పెట్టె తీసి నిలబెట్టింది. నా వైపు చూడకుండానే, "దాన్ని తిట్టకు," అంది.

"తిట్టక ముద్దు పెట్టుకోమంటావా?"

"దానికి కళ్ళు సరిగ్గా కనబడటం లేదు వదినా."

పిండిమర రొదలో సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను. వినబడింది. వినబడిందని ఒప్పుకోవడానికే అంతసేపు పట్టింది.

"నేను పొద్దున్నే మీ గదికి వస్తాను చూడు, మంచినీళ్ళు తాగిపోదామని," అంది వదిన. "నీళ్ళ కోసం కాదు. నువ్వు పంపు దగ్గరకు దిగగానే పోయి సూదులకు దారాలు ఎక్కించి, దిండుకు గుచ్చి వస్తాను. రోజంతా అది ఒక్కోటీ లాక్కుని కుట్టుకుంటుంది. దారం దొరకట్లేదత్తా, రంధ్రం రెండుగా కనబడుతోందత్తా అని నన్నే అడిగింది మొదట. సరే, అలసట అనుకున్నాను. మన కళ్ళు మాత్రం మండవా పనిలో?"

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"ఒట్టు పెట్టించుకుంది."

"ఒట్టు పెట్టిస్తే? నేను తల్లిని కానా?"

"నువ్వు తల్లివి కాబట్టే పెట్టించుకుంది," అంది వదిన. ఆ మాట మెల్లగానే అంది. "ఆస్పత్రిలో నువ్వు పడిపోయావు కదా, అప్పట్నుంచీ."

ఆ సంగతి కొన్ని వారాల కిందట మీకు నవ్వులాటగా చెప్పాను. మీలో కొందరు నవ్వుకుని కూడా ఉంటారు. పరీక్షకని పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నర్సమ్మ దాని చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసి, "కొంచెం ఎక్కువే ఉందమ్మా, అలా పడుకో, కాసేపాగి మళ్ళీ చూస్తా," అంది. ఆ "ఎక్కువే" అన్న మాట చెవిన పడగానే నాకు గోడలు తిరిగాయి. మెలకువ వచ్చేసరికి పిల్ల పడుకోవాల్సిన మంచం మీద నేను ఉన్నాను. దాని చేతికున్న పట్టీ విప్పి నా చేతికి చుట్టారు. నిండు కడుపుతో అది నా పక్కన నిలబడి చున్నీతో నాకు విసురుతోంది. నేను తేరుకున్నాక, "అమ్మను ఇంటికి తీసుకెళతా," అని చెప్పి నన్ను నడిపించుకుని వచ్చేసింది. రెండోసారి దాని రక్తపోటు ఎవరూ చూడలేదు. నేనూ అడగలేదు. ఇంటికొచ్చాక అది నాకు ఉప్పు నీళ్ళు కలిపి ఇచ్చింది, నేను తాగి పడుకున్నాను.

మీకు చెప్పినప్పుడు నా పడిపోవడం గురించే చెప్పాను. పట్టీ సంగతి చెప్పలేదు. అప్పటికి నాకే తట్టలేదు.

"అల్లుడికి తెలుసా?" అని అడిగాను.

"తలనొప్పి సంగతి తెలుసు. మాత్రలు కొనిచ్చి వెళ్ళింది అతనే. కళ్ళ సంగతి తెలుసో లేదో. మొగుడితో చెప్పుకుని ఉంటుందిలే అని నేననుకున్నాను."

అతనేమో అది నాతో చెప్పుకుని ఉంటుందిలే అనుకుని ఉంటాడు. ఒకళ్ళకు తలనొప్పి, ఒకళ్ళకు సూదులు. నా వాటాకు ఏమీ రాలేదు. తలనొప్పి, చూపు మసకబారడం, కాళ్ళూ చేతులూ ముఖమూ ఉబ్బడం, ఇవి కలిసి వస్తే ఒక్క గంట కూడా ఇంట్లో ఉండొద్దని నర్సమ్మ మా సందులో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది. నాకు నోటికి వచ్చు. ఈ వీధిలో కడుపుతో ఉన్న పిల్ల ఎవరు ఎదురుపడినా పట్టుకుని నేనే అప్పజెబుతాను. నన్ను చూసి పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

ఉబ్బు సంగతి ఎవరి వాటాకు వచ్చిందా అని ఆలోచించాను. నా వాటాకే వచ్చింది. పిల్ల ఈ మధ్య తన చెప్పులు వదిలేసి మొగుడి చెప్పులు వేసుకుని తిరుగుతోంది. "కాళ్ళీడ్చుకుంటూ ఆ పడవలేమిటే, చూసేవాళ్ళు నవ్వుతారు," అని తిట్టాను. అది నవ్వి ఊరుకుంది.

క్యాన్లాయన మెట్ల మీద కూర్చుని ముఖం తుడుచుకుంటున్నాడు.

"బాబూ, బండిలో క్యాన్లు దించెయ్యి," అన్నాను.

"ఇప్పుడు బండితో కూడా ఆడాలా పిన్నీ?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేశాడు. ఇంకేమీ అడగకుండా లేచి వెళ్ళాడు.

నేను మెట్ల వైపు నడిచాను. ఇస్త్రీ వదిన అడ్డొచ్చింది.

"ముందు నేను వెళతాను. నువ్వు కూర్చో."

"తప్పుకో వదినా."

"నువ్వు పైకెళ్ళి పడిపోతే నేను ఎవరిని దించాలి? కూతుర్నా, తల్లినా? చెప్పి వెళ్ళు."

ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపి ఎక్కాను. ఎక్కుతూ కమ్మీని వదల్లేదు. పడితే ఇక్కడే పడాలి, గదిలో పడకూడదు అనుకుంటూ ఎక్కాను.

గుమ్మం దగ్గర అల్లుడి చెప్పులు ఉన్నాయి. వాటి పక్కన నావి విడిచాను.

పిల్ల కిటికీ కింద గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో గౌను. పక్కన దిండు. దిండు నిండా సూదులు, వాటికి తెల్ల దారాలూ నీలం దారాలూ తోకల్లా వేలాడుతున్నాయి. ఈ దిండును నేను రోజూ చూస్తాను. దుప్పటి సర్దేటప్పుడు దాన్ని జాగ్రత్తగా పక్కన పెడతాను కూడా. సూదులన్నీ ముందే ఎక్కించుకుని కూర్చుంటే పని తొందరగా సాగుతుందని, మంచి ఉపాయమే కనిపెట్టిందని మనసులో మెచ్చుకున్నాను.

గుమ్మంలో వెలుగు నా వెనక ఉంది. పిల్ల తల ఎత్తి నా వైపే చూసింది.

"అత్తా, వచ్చావా? ఇంకో నాలుగు ఎక్కించి పో. నీలం అయిపోయింది. అమ్మ ఇప్పుడప్పుడే రాదులే, కింద కుర్చీని ఊరేగిస్తోందిగా," అంది.

నేను రెండు బారల దూరంలో ఉన్నాను. పుట్టినప్పటినుంచీ నన్ను చూస్తున్న నా కూతురు నన్ను ఇస్త్రీ వదిన అనుకుంది.

నోరు విప్పితే ఏం బయటకు వస్తుందో నాకు తెలుసు. అందుకని విప్పలేదు. వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. దిండులోంచి ఖాళీ సూది తీసుకున్నాను. నీలం దారపు ఉండ వెతికి, కొస తడిపి, పురి పెట్టి, రంధ్రానికి గురిపెట్టాను. మొదటిసారి తప్పింది. రెండోసారి కూడా తప్పింది. మూడోసారికి ఎక్కింది. కొసన ముడి వేసి దాని చేతికి ఇచ్చాను.

అది సూది అందుకుంటూ నా వేళ్ళు పట్టుకుంది. వదిలెయ్యలేదు. బొటనవేలు పక్కన సూది గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన చోటును తడిమింది. ఇస్త్రీ వదిన వేళ్ళకు అది ఉండదు.

"అమ్మా," అంది.

"ఊఁ."

"ఎవరు చెప్పారు?"

"గౌన్లు చెప్పాయి. మా అమ్మడు కుట్టిన గౌన్లలో పిల్లలు ఎట్లా దూరతారో నాకు అర్థం కాలేదు."

నవ్వుతుందేమో అనుకున్నాను. దాని ముఖం దగ్గరగా చూశాను. కళ్ళ కింద సంచులు కట్టి, బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి. పుట్టబోయే బిడ్డ వల్ల ఒళ్ళు చేసిందని నేను సందంతా చెప్పుకుని మురిసిన బుగ్గలు అవి.

"నాకు ఎందుకు చెప్పలేదు అమ్మడూ?"

"అట్లా అడగకమ్మా."

"అడగనీ."

"చెబితే నువ్వు పడిపోతావు. నువ్వు పడిపోతే నేను లేచి పట్టుకోవాలి." ఆగి ఊపిరి తీసుకుంది. "నాకిప్పుడు లేచి పట్టుకునే ఓపిక లేదు. నిజంగా లేదు. నువ్వు ఏడిస్తే నాకు భయమేస్తుంది. నాకు భయమేస్తే చెప్పుకోవడానికి నువ్వే కదా ఉండాలి, నువ్వు అప్పటికే మంచం మీద ఉంటావు. అందుకని తగ్గిపోతుందిలే అనుకున్నాను. పురుడైపోతే అన్నీ సర్దుకుంటాయని ఎవరో అంటే విన్నాను."

దాని గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే నేను కూడా రెండు మాటలు అని బయటపడేదాన్ని. వానొస్తే గొడుగు తీసుకెళ్ళినట్టు, తల్లికి చెప్పకపోవడం కూడా అది సిద్ధం చేసి పెట్టుకున్న జాగ్రత్తల్లో ఒకటి. నేను బండినీ రక్తాన్నీ గుడ్డల మూటనూ సిద్ధం చేస్తూ ఉంటే, అది నా నుంచి తనను కాపాడుకునే ఏర్పాటు చేసుకుంది.

కాళ్ళలోంచి సత్తువ జారిపోవడం మొదలైంది. నాకు ఆ జారడం బాగా తెలుసు. ముందు మోకాళ్ళు, తరవాత చెవుల్లో ఈల. నేను చాప మీదనుంచి జరిగి, వట్టి నేల మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.

"ఇదిగో, నేల మీదే కూర్చున్నాను," అన్నాను. "ఇంతకన్నా కిందకు పడటానికి చోటు లేదు. పట్టుకోవాల్సిన పని లేదు నీకు. అడిగినవాటికి చెప్పు."

ఈసారి కొంచెం నవ్వింది.

"నన్ను చూస్తే ఎట్లా కనబడుతున్నాను?"

"నీళ్ళలోంచి చూసినట్టు. మధ్యలో మెరుపులు మెరుస్తాయి. కాసేపు పోతాయి, మళ్ళీ వస్తాయి."

"తలనొప్పి?"

"మాత్ర వేసుకుంటే తగ్గేది. ఇప్పుడు వేసుకున్నా తగ్గట్లేదు."

"ఇక్కడ, డొక్కల కింద నొప్పి ఉందా?"

"రాత్రి వచ్చింది. తిన్నది అరగలేదనుకున్నా."

ఒక్కో జవాబుకూ చెవుల్లో ఈల పెరిగింది. నేల చల్లగా ఉంది. రెండు అరచేతులూ నేలకు ఆనించాను. అరిచి సందంతా పోగెయ్యాలని గొంతు దాకా వచ్చింది. నర్సమ్మ చెప్పిన గుర్తుల్లో ఇంక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ అడగకుండా బండి ఎక్కించేస్తే బాగుండుననిపించింది. ఆస్పత్రిలో వాళ్ళే అడుగుతారు, అప్పుడు నేను వినకుండా బయట ఉండొచ్చు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ అది ఒక్కతే మోసిన దాన్ని, వినడానికి కూడా నాకు వేరే మనుషులు కావాలా?

"బిడ్డ ఎప్పుడు కదిలింది?" అని అడిగాను.

కింద క్యాన్లు ఒకటొకటే దించుతున్న చప్పుడు వినబడుతోంది. ఇస్త్రీ వదిన ఎవరితోనో, దారిలో సైకిలు తియ్యమని చెబుతోంది. పిండిమర ఆగింది. ఆగేసరికి గదిలో మేమిద్దరం ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. పిల్ల సూదిని దిండుకు గుచ్చింది, తీసింది, మళ్ళీ గుచ్చింది. ఒళ్ళోని గౌను పక్కన పెట్టి, రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. ఒక చేతిని పక్కకు జరిపి నొక్కి చూసింది. ఇంకో పక్క నొక్కి చూసింది. తల వంచుకుని ఏదో వింటున్నట్టు కూర్చుంది.

ఇలాంటప్పుడు నేను ఎవరినీ మాట్లాడనివ్వను. అడిగి, నేనే జవాబు చెప్పేసి, ఆ జవాబుకు నేనే ఏడ్చే అలవాటు నాది. కదిలే ఉంటుందిలే, నువ్వు నిద్రలో చూసుకుని ఉండవు, అన్న మాట నాలుక చివర ఉంది. పళ్ళ మధ్య పట్టుకుని ఉంచాను. అది చెప్పేదాకా ఆగాలి. ఏం చెప్పినా కూర్చునే ఉండాలి.

కింద బండి ఇంజను స్టార్టయింది.

"నిన్న పొద్దున నువ్వు జడ వేస్తుంటే ఒకసారి తన్నిందమ్మా," అంది పిల్ల, పొట్ట మీదనుంచి చేతులు తియ్యకుండా. "అప్పట్నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను."